ఇరవై ఆవుల పరీక్ష

ఎదుటి మనిషి ముఖం కంటే ముందు కాళ్ళు చూడడం సున్నా అక్కకు ఎప్పుడు అలవాటైందో ఆమెకే గుర్తులేదు. బస్సు ఎక్కేవాళ్ళని చూస్తుంది. ఆఫీసు మెట్లు దిగేవాళ్ళని చూస్తుంది. కొత్త చెప్పులు కరిచి ఎవరైనా అడుగు తేడాగా వేస్తే చాలు, మాట మధ్యలో ఆపి అటు తిరుగుతుంది. పెళ్ళిచూపులప్పుడు కూడా ముందు పెళ్ళికొడుకు నడకే చూశానని ఆమె నవ్వుతూ చెబుతుంది గానీ, అది అబద్ధం. అప్పటికి ఆమెకి ఈ ఉద్యోగం లేదు.

ఉద్యోగం ఏమిటంటే, ఆవులు నడుస్తుంటే చూడడం.

"దీనికి జీతం ఇస్తారా అమ్మాయ్?" అని అత్తగారు మొదటి నెలలో అడిగింది. "ఊరికే నిలబడి చూడ్డానికా? మరి నేను ఇరవై ఏళ్ళు మీ మావయ్యని చూశాను, నాకెవరూ ఇవ్వలేదే!"

చూడడమంటే ఊరికే కాదు. పాలు పితకడం అయ్యాక ఆవులు షెడ్డులోంచి ఒక్కొక్కటే సిమెంటు దారిలోకి వస్తాయి. ఆ దారి చివర ఆమె అట్టా, కాగితం పట్టుకుని నిలబడుతుంది. ఒక్కో ఆవుకీ పది అడుగులు. వెన్ను నిటారుగా ఉండి అడుగులు సమానంగా పడితే సున్నా. నడిచేటప్పుడు వెన్ను కొంచెం వంగినా, ఒక కాలు తొందరగా ఎత్తేసినా ఒకటి. ఒక కాలి మీద బరువు వెయ్యలేక తల ఊపుతూ వస్తే రెండు. అంతే. ఇలాంటి కాగితాన్నే ఏడు దేశాల్లో ఏడు భాషల్లో అచ్చు వేశారు. ఏ దేశంలో పాడి పశువులు ఎంత సుఖంగా ఉన్నాయో, ఎంత బాధ పడుతున్నాయో పోల్చి చూడాలంటే అందరి కొలతా ఒకటే కావాలి కదా. ఆవు తన నొప్పి తను చెప్పదు. దాని తరఫున చెప్పేది ఈ అంకె ఒక్కటే.

తొమ్మిదేళ్ళ కిందట ఆమె పనిలో చేరినప్పుడు షెడ్ల వాళ్ళు ఆమెకి పెట్టిన పేరు పోలీసమ్మ. ఒకట్లు, రెండ్లు ధారాళంగా వేసేది. ఆమె స్కూటీ సందు మలుపు తిరిగిందంటే చాలు, కుంటే ఆవుల్ని వెనక గేటు గుండా దాటించేవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ సున్నాలు పెరిగాయి. కాఫీలూ పెరిగాయి. పోలీసమ్మ పోయి సున్నా అక్క వచ్చింది. "రా అక్కా, నువ్వొస్తే మాకు ధైర్యం" అని కుర్చీ వేసేవాళ్ళు. ఆ పేరు ఆమెకీ నచ్చింది. షెడ్లు బాగుపడుతున్నాయి, సిమెంటు మీద రబ్బరు చాపలు పడ్డాయి, సున్నాలు పెరగక ఏం చేస్తాయి?

ఆఫీసు గోడ మీద ఒక పెద్ద గ్రాఫు ఉంది. ఏడు దేశాలకి ఏడు రంగుల గీతలు. మిగతా ఆరూ మెల్లగా కిందికి జారుతుంటే వీళ్ళ ఆకుపచ్చ గీత మాత్రం జారుడుబల్ల మీద పిల్లాడిలా దిగింది. మొదటి ఏడాది నూటికి ముప్పై ఒక్క ఆవులు కుంటేవి, ఇప్పుడు పదకొండు. ఆ గీత వెనకున్నది ఒక్క కన్ను. సున్నా అక్కది.

ఆ కన్నుకి పరీక్ష లేకపోలేదు. ప్రతి ఏడాదీ ఒక గురువారం ఏడు దేశాల్లోనూ ఒకే పరీక్ష పెడతారు. తెర మీద ఇరవై ఆవులు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, చూసి అంకె వెయ్యాలి. పదిహేడు సరిపోతేనే ఆ ఏడాది ఆ మనిషి వేసిన అంకెలు లెక్కలోకి వస్తాయి. సున్నా అక్కకి మొదటిసారి పద్దెనిమిది వచ్చాయి. తర్వాత పంతొమ్మిది. ఆ తర్వాత ఏడేళ్ళూ ఇరవైకి ఇరవై. ఆ మార్కుల కాగితాల్లో ఒకదానికి భర్త ఫ్రేము కట్టించి టీవీ పక్కన తగిలించాడు.

"ఈసారి పరీక్ష కాగానే శుభవార్త," అన్నాడు లెక్కల సారు. ఆఫీసు మొత్తానికి పెద్ద ఆయన. నవ్వితే కళ్ళజోడు ముక్కు కొసకి జారుతుంది. "ఏడు దేశాల్లో కొత్తగా చేరేవాళ్ళకి శిక్షణ ఇచ్చే మనిషి కావాలట. నీ పేరు రాశాను. ఏడాదికోసారి కాగితం పొడిగించే ఉద్యోగం కాదిది, పర్మనెంటు. ఇక నువ్వు ఏడు దేశాల కళ్ళకి గురువువి."

తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. ఏటా మార్చి వచ్చిందంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని ఆమె రోజులు లెక్కపెట్టుకునేది.

"ఇంకో మాట. కుంటు ఇంత తగ్గింది కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఆవుల గిట్టలు కోసి సరిచేయిస్తున్నాం కదా, వచ్చే ఏడాది నుంచి రెండో విడత ఎత్తేస్తున్నారు. మన గీత చూసి ఇంకో రెండు దేశాలు కూడా అదే ఆలోచనలో ఉన్నాయి."

ఆమె సంతోషంగా తల ఊపింది. రెండో మాట ఆమె చెవిన పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు.

* * *

పరీక్ష ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున ఆమె వెళ్ళిన షెడ్డులోనే గిట్టల బాబాయ్ కూడా ఉన్నాడు. ఆవుల గిట్టలు కోసి సరిచేసే పనిలో ముప్పై ఏళ్ళున్నవాడు. ఇనప చట్రాన్ని బండి మీద పెట్టుకుని ఏడాదికి రెండుసార్లు షెడ్డు షెడ్డుకీ తిరుగుతాడు. ఆవుని చట్రంలో నిలబెట్టి, కాలు తాడుతో పైకి కట్టి, వంపు కత్తితో చెక్కుతాడు. ఆయన వేళ్ళు కూడా గిట్టల్లాగే గట్టిపడిపోయాయి.

ఆమె వరసగా సున్నాలు వేసుకుంటూ పోతోంది. ఒక చెవి మీద గోధుమరంగు మచ్చ ఉన్న తెల్లావు వచ్చింది. సున్నా.

"అది కుంటుతోందమ్మాయ్," అన్నాడు బాబాయ్ కత్తి నూరుకుంటూ, తల ఎత్తకుండానే.

"చూడకుండానే చెప్తున్నావా బాబాయ్?"

"చూడక్కర్లేదు. చప్పుడు విను. మూడు గట్టిగా, ఒకటి మెత్తగా."

ఆమె మళ్ళీ చూసింది. వెన్ను... నిటారుగానే ఉన్నట్టుంది. అడుగులు... మామూలుగానే ఉన్నాయి. అన్ని ఆవులూ అలాగేగా నడుస్తాయి.

"ఇది మామూలే బాబాయ్."

"మామూలే. ఎవరికి మామూలు? ఎద్దు పుండు కాకికి నొప్పా?"

ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. "రెండో విడత ఎత్తేస్తున్నారని నీకూ తెలిసినట్టుందే. పని పోతుందని అన్ని ఆవులూ కుంటుతున్నట్టు కనిపిస్తున్నాయా ఏంటి?"

షెడ్డు యజమాని కుర్రవయసు మనిషి. కాఫీ గ్లాసుతో వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. బాబాయ్ మాత్రం కోపం తెచ్చుకోలేదు.

"పోతుంది. అది నిజమే. నేను అబద్ధం ఆడతానేమో గానీ గిట్ట ఆడదుగా. తెరిచి చూపిస్తా, ఉండు."

చెవిమచ్చ ఆవుని చట్రంలోకి తోలాడు. వెనక ఎడమ కాలు పైకి కట్టాడు. కత్తితో పైపొర రెండుసార్లు తీసేసరికి తెల్లటి అరికాలు బయటపడింది. మూడోసారి తీసేసరికి దాని మధ్యలో ముదురు ఎరుపు మచ్చ, బొటనవేలి గోరంత. లోపల నెత్తురు గడ్డకట్టి ఉంది. బాబాయ్ దాన్ని వేలితో మెల్లగా నొక్కాడు. ఆవు చట్రం మొత్తం కదిలేలా కాలు లాక్కుంది.

"నెల పైనే అయ్యుంటుంది," అన్నాడు. "నువ్వు కొత్తగా వచ్చినప్పుడు ఇలాంటిదానికి ఒకటి వేసేదానివమ్మాయ్. ఈ షెడ్డు వాళ్ళ నాన్న నీతో గొడవ పెట్టుకోలా? నాకు గుర్తుంది. అప్పుడు నిన్ను చూస్తే నాకే భయం."

"అవునక్కా, మా నాన్న నిన్ను తిట్టని రోజు లేదు," అని యజమాని నవ్వాడు. ఇద్దరూ నవ్వకపోయేసరికి కాఫీ అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

కాగితం మీద సున్నా అలాగే ఉంది. దిద్దకూడదు. గిట్ట చూశాక అంకె మార్చకూడదని నియమం. నడక చూసి వేసిందే లెక్క. ఆమె దిద్దలేదు. కాఫీ కూడా తాగలేదు.

* * *

భర్తకి కాటాలు బాగుచేసే కొట్టుంది. ఇంటి ముందు గదే కొట్టు. గోడ పొడవునా తక్కెడలు, స్ప్రింగు కాటాలు, కరెంటు కాటాలు. బల్ల మీద తూకం రాళ్ళు చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా బడి పిల్లల్లా వరసగా నిలబడి ఉంటాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె జరిగింది చెప్పింది.

"గిట్టల బాబాయ్‌కి పని పోతోందిగా, అందుకే అని ఉంటాడు," అన్నాడు భర్త.

"గిట్ట నేను కళ్ళారా చూశానండీ."

"అయితే ఒక్కటి తప్పిపోయింది. దానికేం, ఏటా ఇరవైకి ఇరవై తెచ్చుకుంటున్నావుగా."

ఆ మాటకి ఆమె కాస్త కుదుటపడింది. నిజమే, పరీక్ష ఉంది కదా. కానీ మనసు ఊరుకోలేదు. "మీ తూకం రాళ్ళు తప్పయితే మీకెలా తెలుస్తుంది?" అని అడిగింది.

"రాళ్ళూ అరుగుతాయి. చేతులు తగిలి, గుడ్డతో తుడిచి తుడిచి అరుగుతాయి. ఏటా ముద్ర వేసే ఆఫీసుకి తీసుకెళ్తే, వాళ్ళ దగ్గర అద్దాల పెట్టెలో ఉండే రాయితో సరిచూస్తారు. దాన్ని ఎవరూ ముట్టుకోరు."

"మీ రాయిని మీ రాయితోనే సరిచూస్తే?"

"ఎప్పుడు చూసినా సరిగ్గానే ఉంటుంది," అని భర్త నవ్వాడు. "అలా చేసేవాడు ఒకడున్నాడులే మన వీధి చివర. వాడి కొట్లో పావుకిలో ఎప్పుడూ పావుకిలోయే."

అత్తగారు చెయ్యి కడుక్కుంటూ అంది, "వాడి దగ్గరేగా మనం సరుకులు కొంటున్నది! ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

తల్లీ కొడుకూ ఆ గొడవలో పడ్డారు. సున్నా అక్క కంచం ముందు అలాగే కూర్చుంది.

* * *

మర్నాడు ఆఫీసులో ఆమె పాత పరీక్ష వీడియోలు తెరిచింది. మొదటిది నొక్కింది. ఖాళీ సిమెంటు దారి, పక్కన తుప్పుపట్టిన నీలం గేటు. ఆవు ఇంకా తెరలోకి రాలేదు.

"ఒకటి," అంది ఆమె నోరు.

ఆమె ఉలిక్కిపడి ఆపేసింది. తర్వాతది నొక్కింది. గోడకి ఆనించిన చీపురు కనబడింది. "సున్నా." ఏడోది. కొమ్ము విరిగిన ఆవు. "రెండు." తెర కింది అంచు మాత్రమే కనబడేలా అట్ట అడ్డం పెట్టింది. నేల మీద పగులు చూసి చెప్పేసింది. ఇరవైకి ఇరవై. ఒక్క ఆవు కాలు కూడా చూడకుండా.

తొమ్మిదేళ్ళుగా అవే ఇరవై ఆవులు. ఈపాటికి వాటిలో సగం చచ్చిపోయి ఉంటాయి కూడా. నియమం రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. కొలత మారకూడదంటే పరీక్ష మారకూడదు. పరీక్ష మారలేదు. ఆమె దాన్ని ఎక్కాలు చదివినట్టు కంఠస్థం చేసేసింది, చేస్తున్నానని తెలియకుండానే.

అయితే తన కన్ను సంగతేంటి? అది తెలుసుకునే దారి ఒకటుంది. ప్రతి షెడ్డులోనూ మొదట వచ్చే మూడు ఆవుల నడకని ఫోన్లో తీసి ఆఫీసు కంప్యూటర్లో దాచాలని ఇంకో నియమం. తొమ్మిదేళ్ళుగా దాస్తున్నారు. తొమ్మిదేళ్ళుగా ఎవరూ చూడలేదు.

ఫైళ్ళు చూసే ఆవిడని ఆమె వదినా అంటుంది. మాటలో కారం ఎక్కువ, మనసు మంచిది. మధ్యాహ్నం అందరూ తిండికి లేచాక ఆమె దగ్గరికి వెళ్ళింది.

"వదినా, మొదటి ఏడాది వీడియోలు అరవై తియ్యి. అప్పుడు నేను వేసిన అంకెలు నీ దగ్గరే ఉంచుకో, నాకు చూపించకు. నేను ఇప్పుడు మళ్ళీ వేస్తాను."

"అన్నం మానేసి ఆవుల్ని చూస్తానంటున్నావు. ఇంట్లో గొడవా?"

"ఇంట్లో కాదు. కంట్లో."

అరవై ఆవులూ నడిచాయి. వేల ఆవుల వెనకెప్పుడో చూసినవి, ఒక్కటీ గుర్తులేదు. వదిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పెన్సిలుతో టిక్కులు కొట్టుకుంటూ వచ్చింది. కొంతసేపటికి టిక్కులు కొట్టడం ఆగింది.

"అప్పుడు పంతొమ్మిది కుంటువి వేశావు. ఐదు రెండ్లు, పద్నాలుగు ఒకట్లు," అంది. "ఇప్పుడు ఏడే. రెండ్లు ఐదూ అలాగే ఉన్నాయి. ఒకట్లు రెండే."

పన్నెండు ఆవులు సున్నాలైపోయాయి. ఆవులు మారలేదు, అవే వీడియోలు. నొప్పి పెద్దదైతే ఆమెకి ఇప్పటికీ కనబడుతోంది. చిన్న నొప్పే రోజూ చూసీ చూసీ మామూలైపోయింది. పన్నెండూ ఒకే వైపు తప్పు.

"ఎవరికీ చెప్పనులే," అంది వదిన గొంతు తగ్గించి. "గురువారం ఎలాగూ ఇరవై తెచ్చుకుంటావు."

ఎలాగూ తెచ్చుకుంటుంది. అదే వచ్చిన చిక్కు.

* * *

లెక్కల సారు కాగితాలు రెండుసార్లు చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని మూడోసారి చూశాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? రైతులు ఫిర్యాదు చేశారా? పై ఆఫీసు వాళ్ళు అడిగారా?"

"ఆవులు చేశాయి సార్. మొదటి ఏడాదిలో ఒక్క అరవైలోనే చిన్న నొప్పివి పద్నాలుగు. ఇప్పుడైతే నేను రెండింటిదే వినేదాన్ని."

"ఇది బయటపడితే ఆ శిక్షణ ఉద్యోగం రాదు. అది నీకు తెలుసుగా."

"తెలుసు సార్."

"ఈ ఏడాది కాగితం కూడా పొడిగిస్తారని నేను మాట ఇవ్వలేను."

ఆమె కిందికి చూసింది. సారు కాళ్ళు బల్ల కింద ఒకదాని మీద ఒకటి వేసి ఉన్నాయి. పైన ఉన్న పాదం వణుకుతోంది. ఆ గీత ఆయనదీ కదా. తొమ్మిదేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ ముందు ఆ గోడే చూపించాడు.

"రెండో విడత ఎత్తేస్తే, నేను మొన్న సున్నా వేసిన చెవిమచ్చ ఆవులాంటివాటి గిట్టలు ఇంకో ఆరు నెలల దాకా ఎవరూ తెరవరు సార్," అంది. "నా సున్నా చూసే కదా ఎత్తేస్తున్నారు."

సారు కాగితాలు మడిచి ఆమె వైపు జరిపాడు. "గురువారం ఏడు దేశాల సమావేశంలో నువ్వే చెప్పు. నా నోరు పెగలదు," అన్నాడు.

గురువారం పరీక్షకి ముందు ఏడు దేశాల వాళ్ళూ తెర మీద ఏడు గళ్ళలో కనబడ్డారు. అందరికీ సగం సగం వచ్చిన భాషలో సున్నా అక్క చెప్పింది. నీలం గేటు సంగతి, అరవై ఆవులు, పన్నెండు తప్పులు. తప్పులన్నీ ఏ వైపో కూడా చెప్పింది.

పరీక్ష నడిపే ముసలావిడ పై గడిలో ఉంది. తల నెరిసింది, మాట తక్కువ. ఆమె అడిగింది. "ఏడో నంబరు ఆవు మీలో ఎంతమందికి గుర్తుంది?"

ఒక గడిలోంచి ఒక మగగొంతు మెల్లగా అంది. "కొమ్ము విరిగింది. రెండు."

"నాలుగోది నల్లతోక," అంది ఇంకో దేశం ఆవిడ. "సున్నా."

"పదకొండోది పేడ వేస్తూ వస్తుంది," అన్నాడు మరొకాయన. "ఒకటి."

అందరూ పకపకా నవ్వారు. తర్వాత నవ్వు ఒక్కో గడిలోనే ఆగిపోతూ వచ్చింది. ముసలావిడ మాత్రం మొదటి నుంచీ నవ్వలేదు. "ఇవాళ పరీక్ష లేదు," అంది. అన్నిటికంటే ముందు ఆమె గడే చీకటైంది.

* * *

కొత్త పరీక్ష రెండు నెలలకి వచ్చింది. ప్రతిసారీ కొత్త ఆవులు, ఒక దేశం తీసినవి ఇంకో దేశానికి. సున్నా అక్కకి ఇరవైకి పదమూడు. పదిహేడు వచ్చేదాకా ఆమె అంకెలు లెక్కలోకి రావు. శిక్షణ ఉద్యోగం ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వదగినవాళ్ళు ఏడు దేశాల్లోనూ తేలలేదు. ఆమె కాగితాన్ని ఏడాదికి కాకుండా ఆరు నెలలకి పొడిగించారు. ఆ ఏడాది వీడియోల్ని పొరుగు దేశం వాళ్ళు చూసి లెక్క కట్టారు. కుంటువి నూటికి పదకొండు కాదు, ఇరవై ఏడు. రబ్బరు చాపలు చేసిన మేలు ముప్పై ఒకటి నుంచి ఇరవై ఏడు దాకానే. గోడ మీద ఆకుపచ్చ గీతని సారు తనే చెరిపి, చుక్కలతో మళ్ళీ గీశాడు. గిట్టలు కోసే రెండో విడత ఉంచేశారు.

టీవీ పక్కన ఫ్రేముని భర్త తీసెయ్యబోతే అత్తగారు ఒప్పుకోలేదు. "ఉండనీ. గోడకి మేకు చిల్లు కనబడకుండా ఉంటుంది."

ఈ ఆరు నెలలూ సున్నా అక్క గిట్టల బాబాయ్ బండి వెనకే తిరుగుతోంది. ఆవు నడిచి వస్తుంది, ఆమె అంకె చెబుతుంది, ఆయన కాలు పైకి కట్టి తెరుస్తాడు. కన్ను చెప్పిందీ, గిట్ట చెప్పిందీ రెండూ పక్కపక్కన రాసుకుంటుంది. షెడ్ల వాళ్ళకి ఇది నచ్చలేదు. "ఏమైందక్కా నీకు? మంచిదానివే కదా!" అంటున్నారు. కాఫీలు తగ్గాయి. మొన్నొకచోట ఎవరో వెనక గేటు కూడా తీశారు.

ఒక పొద్దున షెడ్డులోంచి సిమెంటు దారిలోకి ఒక నల్లావు వచ్చింది. పది అడుగులు వేసింది. ఆమె కళ్ళు చికిలించి, చప్పుడు కూడా విని, "ఒకటి" అంది.

బాబాయ్ కాలు కట్టాడు. పొర తీశాడు. ఇంకో పొర తీశాడు. అరికాలు కోసిన కొబ్బరిలా తెల్లగా ఉంది. నొక్కి చూశాడు. ఆవు పట్టించుకోకుండా నెమరు వేస్తోంది.

"దీనికేం లేదమ్మాయ్. రాయి మీద అడుగేసి ఉంటుంది."

"మరి నాకెందుకు కుంటినట్టు కనబడింది?"

"ఇప్పుడు నీకు అన్నీ కుంటుతాయి కొన్నాళ్ళు," అన్నాడు బాబాయ్ తాడు విప్పుతూ. "తాగేవాడు మానేసిన కొత్తలో కాఫీ వాసన చూసి కూడా పారిపోతాడు. సర్దుకుంటుందిలే."

ఆమె కాగితం మీద కన్ను గడిలో ఒకటి, గిట్ట గడిలో సున్నా రాసింది. రెండింటి మధ్యా తేడా ఉన్నచోట పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది. నిండబోతున్న ఆ పేజీలో అది తొమ్మిదో చుక్క. పోయిన వారం పేజీలో పద్నాలుగు ఉన్నాయి.

"తర్వాతది తోలు బాబాయ్," అంది.